తాతగారి ఏడేళ్లు

శాసనసభలో తెలుగు ప్రతివేదకురాలిగా (సభలో మాట్లాడిన మాటలను రాసుకునే ఉద్యోగం) 31 ఏళ్లు పనిచేసి 2013లో రిటైరైన రచయిత్రి, ప్రజాప్రతినిధుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులిస్తున్నారు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అమ్మగారి నాన్న 1955లో ఎమ్మెల్యేగా గెలిచారు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటి, ఖద్దరు సంచీ ఒకటి, ఆ సంచీ నిండా పాత ఉత్తరాలు ఉన్నాయి. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. "ఏడేళ్లు ఎమ్మెల్యేగా ఉన్నారు" అంటుంది అమ్మ. అసెంబ్లీ అంటే ఐదేళ్లే కదా? శతజయంతికి ఆయన మీద చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: బాబూ, మీ అమ్మగారి లెక్కే కరెక్టు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు అసెంబ్లీకి 1952లో గెలిచిన మన జిల్లాల సభ్యులే మొదట కర్నూలు సభలో కూర్చున్నారు. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చి, 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. మీ తాతగారు అప్పుడు గెలిచారు. మరుసటి ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో దేశమంతా ఎన్నికలు జరిగినప్పుడు మన అసెంబ్లీకి తెలంగాణలో మాత్రమే జరిపారు. రెండు వైపుల సభ్యుల గడువూ ఒకేసారి ముగిసేలా ఏర్పాటు చేశారు. రాష్ట్రమంతటికీ కలిపి మొదటి అసెంబ్లీ ఎన్నికలు 1962లోనే. కాబట్టి 1955లో కోస్తా, రాయలసీమల్లో గెలిచినవాళ్లకి ఏడేళ్లు దక్కాయి. పుస్తకంలో ఈ సంగతి ఒక పేరాలో రాయండి, లేకపోతే చదివినవాళ్లందరూ మీరడిగిన ప్రశ్నే అడుగుతారు.

ఇంకో చిన్న జాగ్రత్త. 1955 సభలో 196 మంది సభ్యులున్నా నియోజకవర్గాలు మాత్రం 167. ఇరవై తొమ్మిది చోట్ల ఇద్దరేసి సభ్యులుండేవారు. మీ తాతగారిది ద్విసభ్య నియోజకవర్గమేమో చూసుకోండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 1951 నుంచి ప్రతి ఎన్నిక ఫలితాల నివేదికా ఉంది. ఎవరి మీద గెలిచారు, ఎన్ని ఓట్లు వచ్చాయి అన్నది అరగంటలో దొరుకుతుంది. దానికి అంతకంటే ఎక్కువ టైమ్ పెట్టకండి. అసలు పని ఆ తర్వాత ఉంది.

ఆ పని అసెంబ్లీ చర్చల సంపుటాల్లో ఉంది. సభలో ఎవరు ఏం మాట్లాడినా మాటమాటా రాసుకునేవాళ్లు ఉంటారు. నేను చేసిన ఉద్యోగం అదే. స్పీకరు గారి ముందు, కింద బల్ల దగ్గర కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో రాసేవాళ్లం. ఐదు నిమిషాల టర్న్ అయిపోగానే ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుంటారు, మనం లేచి గదిలోకి వెళ్లి టైపు చేయాలి. సభ్యుడు తన ప్రసంగం కాపీలో తప్పులు దిద్దుకోవచ్చు, అన్న మాటని మాత్రం మార్చడానికి లేదు. మీ తాతగారి మాటల్ని నాకంటే ముందు తరంవాళ్లు ఇలాగే రాసి ఉంటారు. వాళ్ల చేతుల్లోంచి వచ్చిన కాగితాలే అచ్చయి సంపుటాలయ్యాయి. చాలావరకు స్కాన్ చేసి శాసనసభ వెబ్‌సైట్‌లో పెట్టారు. అయితే అవి ఫొటోల్లాంటివి. పేరు కొట్టి వెతికితే దొరకవు. కూర్చుని పేజీలు తిప్పాల్సిందే. ఒకే సంపుటంలో తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ కనిపిస్తాయి, కంగారుపడకండి. ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ లిపిలో వేశారు.

అందరూ ముందు పెద్ద ప్రసంగాలు వెతుకుతారు. మీరు అలా చేయకండి. ప్రతి రోజు సంచికలోనూ మొదట 'ప్రశ్నలు – వాగ్రూప సమాధానములు' అని ఉంటుంది. దాని దగ్గర ఆగండి. సభ్యుడు ముందుగా రాసిచ్చిన ప్రశ్న, మంత్రి చదివిన జవాబు, దాని మీద సభ్యుడు లేచి అడిగిన ఉపప్రశ్నలు అక్కడుంటాయి. ప్రసంగం ఎవరైనా రాసివ్వవచ్చు. ఉపప్రశ్న మాత్రం అప్పటికప్పుడు నోటికి రావాలి. చెరువుకి గండి పడిందని అడిగిన సభ్యుడు, "మరమ్మతు అంచనా తయారవుతోంది" అని మంత్రి అనగానే "అంచనా ఎవరి టేబుల్ మీద ఉంది? ఆ ఇంజనీరు సెలవులో ఉన్న సంగతి మంత్రిగారికి తెలుసా?" అని అడిగాడంటే ఆ చెరువు గట్టు మీద నిలబడి వచ్చినవాడని అర్థం. నా సర్వీసులో మనుషుల్ని నేను గుర్తుపట్టింది ఇలాగే.

నా కళ్లముందు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఎనభైల చివర్లో ఒక సభ్యుడు ఉండేవారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆయన అడుగుతూ వచ్చింది ఒక వాగు మీద వంతెన గురించే. వానాకాలంలో అవతలి ఊళ్ల గర్భిణులను మంచం మీద మోసుకుని వాగు దాటించేవారట. మొదటి సమావేశాల్లో అడిగితే "పరిశీలనలో ఉంది" అని జవాబు. రెండోసారీ అదే. మూడోసారి ఆయన లేచి నిలబడేటప్పటికి చేతిలో మా లైబ్రరీ నుంచి ముందురోజు సాయంత్రం తీసుకెళ్లిన కాపీలు రెండున్నాయి. పాత జవాబులు రెండూ తేదీలతో సహా చదివి, "ఇవాళ కూడా ఇదే చెప్తారా అధ్యక్షా" అన్నారు. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. మంత్రిగారు ఆ ఏడాదే డబ్బు కేటాయిస్తామని మాటిచ్చారు. ఆ టర్న్ నాది. ఆ మాట తప్పు పడకూడదని నాకు ఎంత టెన్షనో! గదిలోకి వెళ్లాక రెండుసార్లు చదువుకుని మరీ టైపు చేశాను. మంత్రి సభలో ఇచ్చిన మాటని హామీల కమిటీ పట్టుకుంటుంది, అమలైందో లేదో శాఖని అడుగుతూనే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత ఆ కమిటీ నివేదిక ఒకటి నా చేతికొచ్చింది. పట్టికలో ఆ వంతెన పేరు, దాని ఎదురుగా 'నెరవేరింది' అన్న ఒక్క మాట. ఆ సభ్యుడు అప్పటికే ఓడిపోయి ఇంట్లో ఉన్నారు.

ఇప్పుడు మీ సంచీ సంగతి. పుస్తకానికి మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన వస్తువు అదే. దయచేసి ఆ ఉత్తరాలు ఎండలో పరచకండి, టేపు అంటించకండి. ఒక్కోదాన్నీ రెండువైపులా ఫోన్‌లో ఫొటో తీసి, పోస్టాఫీసు ముద్ర మీదున్న తేదీని బట్టి వరసపెట్టండి. 'మ.రా.రా.శ్రీ' (మహారాజరాజశ్రీ) అని మొదలయ్యే కార్డుముక్కలు ఉంటాయి. పట్టా రాలేదనో, బడికి మాస్టారు లేడనో, కాలవ చివర నీరందడం లేదనో రాసి ఉంటారు. మార్జిన్‌లో మీ తాతగారి చేతిరాత ఎక్కడైనా ఉంటే, ఎర్ర పెన్సిల్ గీత అయినా సరే, వదలొద్దు. తర్వాత ఆ కార్డు తేదీ దగ్గర నుంచి ఆరు నెలలు ముందుకి అసెంబ్లీ సంపుటాలు చూడండి. కార్డులో ఉన్న ఊరి పేరు ప్రశ్నలో కనిపించిందంటే, ఆ రెండింటినీ పుస్తకంలో ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో ఒకటి వేయండి. పక్కన మీరేమీ రాయక్కర్లేదు. అలాంటివి నాలుగు దొరికినా చాలు, మీ పుస్తకం సార్థకమైనట్టే.

ఆయన ఏడేళ్లలో రాష్ట్రంలో చాలా పెద్ద పనులు జరిగాయి. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1958 జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. బిల్లుల మీద చర్చ జరిగిన రోజుల్లో ఆయన సభలో ఉన్నారా, ఎటు ఓటేశారు అన్నది చూడండి. భూపరిమితి రోజున ఆయన నోరు మెదపలేదని తేలితే అది కూడా రాయాలి బాబూ. దాచిపెడితే మిగతాదంతా ఎవరూ నమ్మరు.

ప్రశ్న: మేడమ్, మా ప్రాంతంలో ఒక మాజీ ఎమ్మెల్యే గారు చనిపోతే పేపర్లో 'ప్రజాసేవకుడు' అని రాశారు. ఎమ్మెల్యే చట్టప్రకారం పబ్లిక్ సర్వెంటేనా? పోటీ పరీక్షకి చదువుతున్నాను, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మాయ్, పుస్తకాలు రెండూ కరెక్టే కావచ్చు, ఎందుకంటే సుప్రీంకోర్టు రెండు సందర్భాల్లో రెండు చట్టాల గురించి చెప్పింది. 1984లో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఆంతులే కేసులో, అప్పటి భారత శిక్షాస్మృతి 21వ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే పబ్లిక్ సర్వెంట్ కాడంది. ప్రభుత్వం జీతమిచ్చి ఆజ్ఞాపిస్తే పనిచేసే మనిషి కాడు కదా. ఆ తర్వాత 1988లో అవినీతి నిరోధక చట్టం కొత్తగా వచ్చింది. అందులో నిర్వచనం విస్తృతం చేశారు. 1998లో పి.వి. నరసింహారావు కేసులో, ఆ చట్టం కింద చట్టసభల సభ్యులు పబ్లిక్ సర్వెంట్లే అని తేల్చింది. పరీక్షలో ఏ చట్టం కింద అడిగారో చూసి రాయి. ఇంకొకటి గుర్తుంచుకో: ఎమ్మెల్యేకి వచ్చే జీతం మీద ఆదాయపు పన్ను లెక్క 'ఇతర వనరుల ఆదాయం' కింద వస్తుంది, ఉద్యోగి జీతం కింద కాదు.

ప్రశ్న: మా నాన్నగారి ప్రసంగం పాత సంపుటంలో దొరికింది. మధ్యలో మాటలకి బదులు చుక్కలు, నక్షత్రాలు ఉన్నాయి. కాగితం పాడైందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పాడవలేదండీ. సభకి తగని మాట అని స్పీకరు రికార్డుల నుంచి తొలగించమంటే ఆ చోట నక్షత్రాలు వేస్తారు. ఆ మాటేంటో మీకు ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ వేడిలో నాన్నగారు ఏదో అన్నారు, అంతే. సిగ్గుపడాల్సిన పనిలేదు, పుస్తకంలో ఆ నక్షత్రాలు అలాగే ఉంచండి.

ప్రశ్న: మా అమ్మమ్మ 'ఎమ్మెల్సీ'గా చేశారని మేం అమెరికాలో ఉన్న పిల్లలకి చెబితే నమ్మడం లేదు. అసెంబ్లీ లిస్టుల్లో ఆవిడ పేరు లేదు.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: అసెంబ్లీ లిస్టుల్లో ఉండదమ్మా, మండలి లిస్టుల్లో వెతకాలి. మన శాసనమండలి 1958లో మొదలైంది, 1985లో రద్దయింది, మళ్లీ 2007లో వచ్చింది. దాని చర్చల సంపుటాలు వేరు. కాళోజీ గారు కూడా 1958 నుంచి 1960 దాకా మండలి సభ్యులే. అమ్మమ్మగారు ఏ దారిన వెళ్లారో ముందు కనుక్కోండి. మండలిలో మూడో వంతు మందిని ఎమ్మెల్యేలు, ఇంకో మూడో వంతుని స్థానిక సంస్థలు, పన్నెండో వంతు చొప్పున టీచర్లు, పట్టభద్రులు ఎన్నుకుంటారు, మిగతావాళ్లను గవర్నరు నామినేట్ చేస్తారు. ఆవిడ టీచరమ్మ అయితే టీచర్ల కోటాతో మొదలుపెట్టి చూడండి.

ప్రశ్న: మా మామయ్య మూడుసార్లు గెలిచినా ఎప్పుడూ ప్రతిపక్షమే. మంత్రి కాలేదు, కార్పొరేషన్ ఛైర్మన్ కూడా కాలేదు. ఆయన కెరీర్ గురించి రాయడానికి ఏముంటుందని మా వాళ్లంటున్నారు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. పదవుల లిస్టుతో మనిషిని కొలిస్తే పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి ఏం రాస్తాం? 1955 నుంచి 1967 దాకా, మళ్లీ 1978 నుంచి 1983 దాకా గన్నవరం నుంచి సభలో ఉన్నారు. ఒక్కరోజు కూడా మంత్రి కాలేదు. కానీ నీటిపారుదల మీద రాష్ట్రంలో ఎవరు పనిచేసినా ఆయన లెక్కలు చూడకుండా ముందుకెళ్లలేరు. నేను చేరేటప్పటికి అది ఆయన చివరి సభ. ఈశ్వరీబాయి గారు 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి గెలిచారు. ఆవిడదీ ప్రతిపక్షమే. మా సీనియర్లు ఆవిడ టర్న్ అంటే పెన్సిళ్లు రెండు చెక్కుకుని వెళ్లేవాళ్లమని చెప్పేవారు. మీ పక్కన ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు గెలిచారు, ఆ ఐదుసార్లూ ప్రతిపక్షంలోనే.

ప్రతిపక్ష సభ్యుడి చేతిలో ఉండే పనిముట్లు ప్రశ్న, సావధాన తీర్మానం (అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టిని తేవడం), బడ్జెట్ రోజుల్లో కోత తీర్మానం (అడిగిన డబ్బు తగ్గించమనడం), కమిటీ సభ్యత్వం. ప్రజా పద్దుల సంఘంలో మీ మామయ్య ఒక్క ఏడాది ఉన్నా సరే, ఆ ఏడాది నివేదికలు తెప్పించుకోండి. ఆడిట్ అభ్యంతరాల మీద అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నించేది ఆ సంఘమే. ఆ కమిటీ గదిలోకి పత్రికలవాళ్లు రారు, పేరు రాదు. అయినా వచ్చి కూర్చుని ఫైళ్లు చదివిన సభ్యుల్ని నేను చూశాను. మధ్యాహ్నం భోజనం మానేసి చదివినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: అక్కా, మా నాన్న రెండుసార్లు ఎమ్మెల్యే. ఓడిపోయి పదిహేనేళ్లయింది. ఒకప్పుడు తెల్లారకముందే వాకిట్లో యాభై మంది ఉండేవారు. ఇప్పుడు ఎవరూ రారు. పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కుర్చీలో కూర్చుంటారు. పదకొండింటికి లోపలికి వస్తారు. అడిగితే ఏం లేదంటారు. నేను ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం నాలుగు రోజులుగా నా టేబుల్ మీదే ఉంది. నాన్నగారు ఆ కుర్చీలో కూర్చునేది ఎవరికోసమో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ పక్కనే సత్తెనపల్లి ఉంది. వావిలాల గోపాలకృష్ణయ్య గారు అక్కడి నుంచి నాలుగుసార్లు గెలిచారు, 1952 నుంచి 1972 దాకా సభలో ఉన్నారు. సభ నుంచి బయటికొచ్చాక ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1974లో అధికార భాషా సంఘం పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులయ్యారు. ఆఫీసుల్లో తెలుగు నడవాలని పట్టుబట్టిన మనిషి. మేం తెలుగులో టైపు చేసుకున్న రోజుల్లో ఆయన పేరు తలవని సెక్షన్ లేదు. 1992లో పద్మభూషణ్ వచ్చింది, 2003లో పోయారు. మీ నాన్నగారిని వావిలాల గారిలా ఉండమని నేననడం లేదు. అందరికీ అలాంటి ఆరోగ్యం, అలాంటి అవకాశం రావు. గెలుపుతో సంబంధం లేని పని ఒకటి చేతిలో ఉండాలని మాత్రం అంటున్నాను.

ఆయనకి తెలిసిన పని ఒకటుంది, అర్జీ. ఏ అర్జీ ఏ ఆఫీసుకి వెళ్లాలి, ఎవరు సంతకం పెడతారు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. మీ వీధిలో పెన్షన్ ఆగిపోయిన ముసలమ్మ ఒకరైనా ఉండకపోరు. రేషన్ కార్డులో పేరు తప్పుపడినవాళ్లు ఉంటారు. ఒక్కరిని నువ్వే వెంటబెట్టుకుని వరండాలోకి తీసుకెళ్లు. "నాన్నా, ఈవిడ కాగితం కాస్త చూసిపెట్టు" అను. నువ్వు పక్కన కూర్చోకు, లోపలికి వెళ్లిపో.

సాయంత్రం కాస్త స్థిమితంగా ఉన్నప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మాట్లాడించు. ముందే చెప్పి పెట్టు, దొంగచాటుగా వద్దు. "మీ జీవితం గురించి చెప్పండి" అని అడగకు, ఆయన ఉపన్యాసం మొదలుపెడతారు. ఒక చెరువు పేరు, ఒక బడి పేరు, ఒక రోడ్డు పేరు పట్టుకుని అడుగు. ఎవరు అడ్డుపడ్డారు, ఫైలు ఎన్నిసార్లు వెనక్కొచ్చింది, ఏది సాధించలేకపోయారు అని అడుగు. సాధించలేనివాటి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. అప్పుడు నువ్వేమీ అనకు, రికార్డింగ్ ఆపకు, ఆయన్నే మాట్లాడనివ్వు.

నాన్నగారి నియోజకవర్గం పేరు, గెలిచిన సంవత్సరాలు నాకు రాసి పంపు. ఆ రెండు సభల్లోనూ నేను పనిచేశాను. ఆయన టర్న్ ఏదో ఒకటి నా చేతి మీదుగా వెళ్లే ఉంటుంది. ఏ సమావేశాల సంపుటాలు ముందు చూడాలో గుర్తుచేసుకుని వచ్చే నెలలో రాస్తాను.